బడి వేళ, విత్తనం వేళ

జూన్ వచ్చిందంటే కదిరి సీమలో రెండు పనులు ఒకేసారి మీద పడతాయి. బళ్ళు తెరుస్తారు, చెనక్కాయ విత్తనం వేస్తారు. బడి తెరిచే తేదీ ప్రభుత్వం ముందే చెప్పేస్తుంది. విత్తనం వేసే తేదీని వాన చెప్పాలి. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేసుకోగా మిగిలింది మాకొస్తుంది. ఏడాదంతా కలిపి సగటున 550 మిల్లీమీటర్లు, అదీ అదనుకు పడితే. అందుకే పదును దొరికిన రోజు ఇంట్లో ఏ చేతికీ తీరిక ఉండదు. ఆరో తరగతి పిల్లవాడు కూడా పుస్తకాల సంచీ మూలన పెట్టి విత్తనం గంప ఎత్తుకుంటాడు. ఆ పూట హాజరుపట్టీలో అతనికి ఆబ్సెంటు పడుతుంది. ఆ పూట అతను ఏమీ నేర్చుకోలేదనేనా దాని అర్థం? చదువుల గురించి ఎవరు మాట్లాడినా నా మనసు ఈ ప్రశ్న దగ్గరికే పోతుంది.

ఈ మధ్య ఇదే ప్రశ్న ఇంకో దారిలో కూడా మా ఊరికి వస్తోంది. బెంగుళూరులోనో హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడిన మనవాళ్ళు కొందరు పండక్కి వచ్చినప్పుడు, "మావాణ్ని బడికి పంపడం లేదు పిన్నీ, ఇంట్లోనే నేర్చుకుంటున్నాడు" అంటున్నారు. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లోనూ అందుకు చట్టం ఒప్పుకుంటుంది. మన దగ్గర 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలను బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని రాసింది. అయినా ఇంట్లో చదువుకుని ఓపెన్ స్కూలు ద్వారా పరీక్ష రాసే పిల్లలు ఇక్కడా ఉన్నారు. వాళ్ళ వాదనలో బలం ఉంది. పిల్లలకు మాటలు ఎవరూ పాఠం పెట్టి నేర్పరు. నాలుగేళ్ళు నిండకుండానే వేల మాటలు, వాటిని కలిపే పద్ధతి, పెద్దవాళ్ళతో ఒకలాగా తోటివాళ్ళతో ఒకలాగా మాట్లాడే మర్యాద అన్నీ పట్టేస్తారు. కదిరి వీధుల్లో ఉర్దూ ఇళ్ళ పిల్లలు తెలుగును, తెలుగు ఇళ్ళ పిల్లలు ఉర్దూను గోలీల ఆటలోనే నేర్చుకుంటారు. అంత పని సొంతంగా చేసుకున్న బుర్రను గంట కొట్టి కూర్చోబెట్టి, ఒకటే పాఠం నలభై మందికి ఒకేసారి చెప్పడం దేనికి? స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన చలం 'బిడ్డల శిక్షణ' రాశాడంటే, తరగతి గదుల్లో పిల్లల మొహాలు ఎలా ఉంటాయో కళ్ళారా చూసినవాడు కాబట్టే అనుకుంటాను. పాత రైలుపెట్టెల్లో నడిచిన జపాన్ బడి కథ 'రైలుబడి' చదివి, అలాంటి బడి మన ఊళ్ళో ఎందుకు లేదని బాధపడ్డ టీచర్లు నాకు తెలుసు.

అయినా ఆ వాదన కదిరికి వచ్చేసరికి ఇక్కడి నేల మీద నిలబడదు. ఎందుకు నిలబడదో చెప్పాలంటే ముందు ఇక్కడి ఇంటి చదువును దగ్గరగా చూడాలి.

గాండ్లపెంట మండలంలో, వేమన సమాధి ఉన్న కటారుపల్లెకు పోయే దారిలో ఒక ఊరు. ఇంకా పొద్దెక్కలేదు. అరుగు మీద ఒక జేజి విత్తనం కాయలు వలుస్తోంది. మిషనుకు వేస్తే గింజ దెబ్బ తింటుందని విత్తనానికి చాలా ఇళ్ళల్లో ఇప్పటికీ చేత్తోనే వలుస్తారు. ఆమె పక్కన ఇంకా బడి ఈడు రాని మనవరాలు. ముందర చేట, చేటలో వలిచిన గింజలు, అటొక గిన్నె ఇటొక గిన్నె. పాప ఒక్కో గింజా ఏరుతోంది.

"జేజీ, ఇది మంచిదేనా?"

"పొర లేసిపోయింది చూడు తల్లీ. మొలవదు. పక్కకెయ్."

"మరి ఇది?"

"నువ్వే చెప్పు."

పాప గింజను వెలుతురుకేసి పెట్టింది. తిప్పింది. బొటనవేలితో తడిమింది. "ముడతలు పడింది. తినేదాంట్లో ఎయ్యల్ల" అంది. జేజి తలెత్తి చూసి, ఊఁ అని మళ్ళీ తన పనిలో పడింది. మెచ్చుకోలేదు, చప్పట్లు కొట్టలేదు. పాపకు ఆ ఊఁ చాలు. తర్వాతి గింజ తీసుకుంది.

నేను చాలాసేపు అక్కడే కూర్చున్నాను. శిక్షణ కాలేజీల్లో వర్గీకరణ అనీ పరిశీలన అనీ కారణం చెప్పగలగడం అనీ బోర్డు మీద రాసేవన్నీ ఆ చేటలోనే జరుగుతున్నాయి. అంతకన్నా ముఖ్యమైంది ఇంకొకటి ఉంది. జేజి "నువ్వే చెప్పు" అన్నది పరీక్ష పెట్టడానికి కాదు. ఆమె చేతులు ఖాళీగా లేవు, ఆమెకు నిజంగానే జవాబు కావాలి. పాప తప్పు చెబితే ఆ గింజ సాలులోకి పోతుంది, అక్కడ మొక్క రాదు. తన మాటకు పొలంలో విలువ ఉందని పాపకు తెలుసు. బడిలో సారు అడిగే ప్రశ్నకు జవాబు సారుకు ముందే తెలుసు, అది పిల్లలకూ తెలుసు. అక్కడ తప్పు చెబితే ఎర్ర గీత పడుతుందే తప్ప ప్రపంచంలో ఏమీ మారదు. పిల్లలకు బడి విసుగు పుట్టడానికి కారణాలు చాలా చెబుతారు గానీ, తమ జవాబు ఎవరికీ అక్కర్లేదని వాళ్ళకు అర్థమైపోవడమే అన్నిటికన్నా పెద్ద కారణమని నాకనిపిస్తుంది.

అలాగని జేజి దగ్గర అన్నీ దొరకవు. ఈ సీమలో ఎన్నో చేలల్లో వేసే 'కదిరి-6' రకం చెనక్కాయ 2005లో మా ఊరి వ్యవసాయ పరిశోధన కేంద్రం నుంచే బయటికి వచ్చింది. మా పొలాల నుంచి ఎన్నో రాష్ట్రాలకు పాకింది. ఆ తర్వాత కరువును తట్టుకునే 'కదిరి లేపాక్షి' వచ్చింది. మంచి గింజను ఏరడం జేజికి వచ్చు. రెండు రకాలను కలిపి మూడో రకాన్ని పుట్టించడం, దాన్ని ఏళ్ళ తరబడి మళ్ళలో వేసి, తూచి, లెక్క రాసి, ఇది నిలుస్తుంది ఇది నిలవదు అని తేల్చడం రాదు. దానికి జీవశాస్త్రం కావాలి, గణాంకాలు కావాలి, ఒకరు రాసింది ఇంకొకరు చదవగలగాలి. ఆ చదువు అరుగు మీద దొరకదు, బడి నుంచే రావాలి. కటారుపల్లె దారిలో గింజలు ఏరే పాపకు ఆ పరిశోధన కేంద్రంలో అడుగుపెట్టే దారి ఉందా అన్నదే నా దిగులు. అరుగుకూ ఆ కేంద్రానికీ మధ్య దూరం కొద్ది కిలోమీటర్లే. ఆ దూరాన్ని దాటించాల్సింది బడి.

దాటిస్తోందా? కదిరి మల్లెపూలు ఎంత పేరున్నవో చెప్పనక్కర్లేదు. దేవళం దగ్గర మూరల లెక్కన పూలమ్మే ఇళ్ళల్లో పిల్లలు చిల్లర లెక్క ఎంత వేగంగా చెబుతారో ఒకసారి చూడండి. అదే పిల్లలకు నోటుబుక్కులో తీసివేత ఇస్తే పెన్సిలు కొరుకుతూ కూర్చుంటారు. ఇది మా ఊళ్ళో మాత్రమే ఉన్న వింత కాదు. బ్రెజిల్‌లోని రెసీఫె నగరంలో వీధుల్లో సరుకులమ్మే 5 మంది పిల్లలను ముగ్గురు పరిశోధకులు పరీక్షించి 1985లో ఆ వివరాలు ప్రచురించారు. కొబ్బరికాయ ఒకటి 35 అయితే 10 ఎంత అని అడిగితే ఒక పిల్లవాడు పక్కన సున్నా చేర్చలేదు. మూడు కాయలు 105, ఇంకో మూడు కలిపితే 210, ఇంకో మూడు కలిపితే 315, ఇంకొకటి కలిపితే 350 అని లెక్క తేల్చాడు. బజారులో ఆ పిల్లల జవాబులు నూటికి 98 సరైనవి. అవే లెక్కలు కాగితం మీద అంకెలుగా ఇస్తే నూటికి 37కు పడిపోయాయి. మన దేశంలోనూ ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లోల బృందం కలకత్తా, ఢిల్లీ బజార్లలో పనిచేసే దాదాపు 1,400 మంది పిల్లలతో ఇలాంటి పనే చేసి 2025లో 'నేచర్' పత్రికలో రాసింది. బజారు పిల్లలకు బడి లెక్క రాలేదు. అదే సమయంలో, బడి లెక్క చేయగలిగిన పిల్లలు బజారు లెక్క దగ్గర తడబడ్డారు. ఇటు తెలివికీ అటు తెలివికీ కొదవ లేదు. రెండింటి మధ్యా బాట వేసినవాళ్ళే లేరు.

ఒకప్పుడు ఉండేదేమో చూద్దామని పాత కాగితాలు తిరగేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టరుగా అనంతపురంలో ఉన్న థామస్ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరై, 1822లో మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్ళ వివరాలన్నీ పంపమని కలెక్టర్లను అడిగాడు. అప్పుడు కదిరి కడప జిల్లాలో ఉండేది, 1910లో అనంతపురంలో కలిసింది, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అనంతపురం మాత్రం ఆనాడు బళ్ళారి జిల్లాలో భాగం. బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన జవాబు ఈ పీఠభూమి చదువుల చరిత్రలో విలువైన పత్రం. జిల్లాలో 533 బళ్ళు, వాటిలో 226 తెలుగువి, 235 కన్నడవి. చదివే పిల్లలు 6,641 మంది.

అంకెల కన్నా ఆయన చూసిన పద్ధతి ముఖ్యం. పిల్లలు అయిదేళ్ళకు బడిలో చేరేవాళ్ళు, ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దేవాళ్ళు. ముందు నేర్చిన పిల్లలు తర్వాతి పిల్లలకు నేర్పేవాళ్ళు. ఈ పద్ధతి మెచ్చుకోదగ్గదనీ, ఇంగ్లండు దీన్ని అనుసరించడం సబబేననీ ఆయన రాశాడు. నిజమే. మద్రాసు ఎగ్మోర్‌లోని అనాథ బాలుర ఆశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్ ఇలా ఇసుకలో రాసే పిల్లలను చూసి, తన ఆశ్రమంలో ఆ పద్ధతి పెట్టి, 1797లో లండన్‌లో దాని గురించి అచ్చు వేశాడు. అది మద్రాసు పద్ధతి పేరుతో ఇంగ్లండంతా పాకింది. క్యాంప్‌బెల్ లోపాలనూ దాచలేదు. అయ్యవారికే అర్థం తెలియని పద్యాలను పిల్లల చేత వల్లె వేయిస్తున్నారని బాధపడ్డాడు. వీధిబళ్ళను తలచుకుని మురిసిపోయేవాళ్ళు ఈ మాటనూ, పిల్లలను దూలానికి వేలాడదీసిన కోదండం శిక్షనూ కూడా గుర్తుంచుకోవాలి. ఎవరి పిల్లలు అక్కడ కూర్చోగలిగారో, ఎవరి పిల్లలకు గడప కూడా దక్కలేదో మరీ గుర్తుంచుకోవాలి.

ఆ జవాబులో నన్ను ఎక్కువగా కలతపెట్టేది ఇంకో విషయం. బళ్ళు తగ్గిపోతున్నాయని, కారణం జనం పేదలైపోవడమని ఆయన సూటిగా రాశాడు. చదువుకు పెట్టే ఖర్చు భరించలేక, పిల్లల లేత చేతులకు కాస్త బలం రాగానే వాళ్ళ కష్టం కూడా ఇంటికి అవసరమై తల్లిదండ్రులు బడి మాన్పిస్తున్నారట. రాసి రెండు వందల ఏళ్ళు దాటింది.

ఇదే సర్వేలో మద్రాసు నగరం లెక్క మరోలా ఉంది. అక్కడ ఇళ్ళల్లో చదువుకునే పిల్లలు 26,903 మందనీ, బళ్ళకు పోయేవాళ్ళకన్నా అయిదు రెట్లనీ మన్రో 1826లో రాశాడు. ఇంటి చదువు మనకు కొత్తది కాదని చెప్పడానికి ఈ అంకె పనికొస్తుంది. కానీ రెండు చోట్ల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మద్రాసులో ఇంటి చదువు వర్ధిల్లింది ఇంట్లో చదువు చెప్పే మనిషి, తీరిక, కాస్త కలిగినతనం ఉన్నచోట. బళ్ళారి పీఠభూమిలో ఇల్లు పిల్లవాడికి పని ఇచ్చింది, పాఠం ఇవ్వలేకపోయింది. ఇంట్లో సహజంగా నేర్చుకోవడం అనేది తీరిక ఉన్నవాళ్ళ ఆస్తి. ఈ మాట కటువుగా ఉన్నా నేను దీని దగ్గరే నిలబడతాను. జేజి పక్కన కూర్చున్న పాప అదృష్టవంతురాలు, ఎందుకంటే జేజికి ఆ పొద్దు తీరిక ఉంది. కేరళకో బెంగుళూరుకో కూలికి పోయిన తల్లిదండ్రుల పిల్లలు మా పల్లెల్లో ఎందరో ఉన్నారు. వాళ్ళ జేజి తెల్లారేసరికి వేరే వాళ్ళ చేనికి పోవాలి. "ఇదేంది, అదెందుకు" అని పిల్ల అడిగితే జవాబు చెప్పడానికి ఇంట్లో మనిషే ఉండరు.

2020 మార్చిలో బళ్ళు మూతపడ్డప్పుడు ఇది కళ్ళకు కట్టింది. ఇంట్లో పుస్తకాలూ చదువుకున్న అమ్మానాన్నలూ ఉన్న పిల్లలకు ఆ ఏడాది కొత్త విషయాలు వచ్చాయి. వంటా తోటా బొమ్మలూ నేర్చుకున్నామని సంతోషంగా చెప్పారు. తండాల్లోనూ పల్లెల్లోనూ నేను మాట్లాడిన పిల్లలు మాత్రం అంతకుముందు కూడబలుక్కుని చదివే నాలుగు మాటలనూ మరచిపోయారు. బడి ఎంత లోపమున్నదైనా, ఆ పిల్లలకు రోజుకు కొన్ని గంటలు ఒక పెద్ద మనిషి కేటాయించే చోటు అదొక్కటే.

మరి బడికి తీరిక ఉందా? సిలబసు పూర్తి చేయాలి, యాప్‌లో ఫొటోలు పెట్టాలి, రిజిస్టర్లు నింపాలి. కరువు ఇంటి దగ్గర తీరికను మింగేస్తే, తొందర బడి దగ్గర తీరికను మింగేసింది. పైగా ఇప్పుడు బడే ఇంట్లోకి వచ్చి కూర్చుంది. మూడేళ్ళ పసివాళ్ళను చుట్టుపక్కల పల్లెల నుంచి వ్యాన్లలో కుక్కి కదిరి తెస్తున్నారు. సాయంత్రం డైరీ, హోంవర్కు, ఆ తర్వాత ట్యూషన్. ఇంట్లో తెలుగో ఉర్దూనో, తండాలో లంబాడీనో మాట్లాడే పిల్ల, అర్థం తెలియని ఇంగ్లీషు రైమును ఒప్పజెబుతుంటే తల్లిదండ్రులు మురిసిపోతున్నారు. అప్పు చేసి ఫీజు కట్టే ఆ తల్లిదండ్రుల ఆశను నేను తప్పు పట్టను. కానీ క్యాంప్‌బెల్ బాధపడ్డ వల్లెవేతకూ దీనికీ తేడా ఏముందో ఎవరైనా నాకు చెప్పాలి.

దారి లేకపోలేదు, అది మాకు దగ్గర్లోనే ఉంది. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన మదనపల్లె మాకు పొరుగూరే. ఆయన ఆలోచనతో పుట్టిన రిషివ్యాలీ బడి, చుట్టుపక్కల పల్లెల కోసం చిన్న చిన్న ఏకోపాధ్యాయ బళ్ళు పెట్టింది. పద్మనాభరావు, రమ దంపతులు వాటి కోసం ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని విడదీసి కార్డులు చేశారు, గోడ మీద నిచ్చెన బొమ్మ పెట్టారు. ఏ పిల్ల ఏ మెట్టు మీద ఉందో ఆ పిల్లకే తెలుస్తుంది. పొలం పనికి వారం రోజులు పోయి వచ్చినా, వదిలిన మెట్టు దగ్గరే మళ్ళీ మొదలుపెట్టవచ్చు. తరగతి ముందుకు పోయిందని వెనకబడిపోయే బెడద లేదు. వేర్వేరు వయసుల పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు, పెద్ద పిల్లలు చిన్నవాళ్ళకు సాయం చేస్తారు. ఊళ్ళోవాళ్ళను కలుపుకుని తూకాలూ కొలతలూ పిల్లల చేత చేయించే మెట్రిక్ మేళాలు కూడా పెట్టారు. తమిళనాడు ప్రభుత్వ బళ్ళలో వచ్చిన కృత్యాధార బోధనకు మూలం ఇక్కడిదే. క్యాంప్‌బెల్ చూసిన ఇసుక బడిలోని మంచి, దాని చెడు లేకుండా, ఈ నేల మీదనే మళ్ళీ మొలిచిందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఇటు చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బీడు భూమిలో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ కూడా పల్లె పిల్లల కోసం ప్రకృతి బడి నడిపింది.

చట్టం కూడా ఇదే కోరుతోంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చదవండి. పిల్లలు చేసి, వెతికి, కనుక్కుని నేర్చుకోవాలని, భయం ఉండకూడదని, వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలని అందులో ఉంది. ఇంత మంచి మాటలు చట్టంలో ఉండగా పిల్లల్ని బడికి దూరం చేయడం కాదు మనం చేయాల్సింది, ఆ సెక్షన్ అమలు కావాలని అడగడం.

అందుకే పండక్కి వచ్చి వెళ్ళే మా పిల్లలకు నేను చెప్పేది ఒకటే. మీ బిడ్డను ఇంట్లో చదివించుకోండి, తప్పేమీ లేదు. కానీ మీకున్న తీరికలో కొంచెం ఈ ఊరి బడికి కూడా ఇవ్వండి. వచ్చినప్పుడల్లా ఒక పూట పోయి పిల్లల పక్కన కూర్చోండి, కథ చదివి వినిపించండి, వాళ్ళు అడిగేవాటికి జవాబు చెప్పండి. తల్లిదండ్రులకు చెప్పేదీ చిన్నదే. ఆరేళ్ళు నిండేదాకా పలక పట్టించి ఏడిపించకండి. మీరు చేసే పనిలో పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని, అడిగిందానికి బదులు చెప్పండి. ఆ పనే పిల్లకు కూలి పని కాకుండా మాత్రం చూసుకోండి.

ఇక బడి పెద్దలకూ అంగన్‌వాడీ నడిపేవాళ్ళకూ ఒక విన్నపం. వారానికి ఒక పూట ఊళ్ళోని ఒక జేజినో, మగ్గం నేసే తాతనో, పూలు కట్టే అక్కనో బడికి పిలవండి. చేటా గింజలూ తక్కెడా పూలదారమూ తెమ్మనండి. పిల్లలు చేసిన లెక్కను అక్కడికక్కడే పలక మీద అంకెల్లో పెట్టించండి. ముఖ్యంగా, పిలిచినవాళ్ళకు ఆ పూట కూలి కట్టివ్వండి. కదిరి సీమలో ఎవరూ ఒక పూట కూలి పోగొట్టుకునే స్థితిలో లేరు.